పిడుదు నివేదిక, పిల్లవాడి జ్వరం

గత నెలలో గుంటూరు నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. తన చిన్నబ్బాయి పాఠశాల తరఫున స్కౌట్ల శిబిరానికి వెళ్తున్నాడనీ, నల్లమల అంచున అయిదు రోజులు గుడారాల్లో ఉంటారనీ చెప్పి, "ఆపా, పంపమంటావా, మానమంటావా? మీ పెద్దోడికి జరిగింది తలచుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు" అంది.

"పంపు. కానీ వాడు బయలుదేరే లోపు నీకు కొన్ని మాటలు చెప్పాలి" అన్నాను.

ఆ రోజు ఫోనులో చెప్పినవీ, చెప్పకుండా మిగిలిపోయినవీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. ఇది ఒక తల్లి అనుభవం మాత్రమే. అయినా ఎదిగే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇందులో కొంతైనా పనికివస్తుందని నా ఆశ.

మేము అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో నివాసం ఏర్పరచుకొని చాలా ఏళ్లయింది. 2010లో మా పెద్దబ్బాయికి 14 ఏళ్లు. మా మస్జిదు తరఫున నడిచే స్కౌటు దళంలో వాడు సభ్యుడు. అమెరికా స్కౌటు సంస్థకు ఆ ఏడాదితో నూరేళ్లు నిండాయి. దేశం నలుమూలల నుంచీ స్కౌట్లు వచ్చి కలుసుకొనే మహాసమ్మేళనాన్ని జాంబోరీ అంటారు. ఆ సంవత్సరపు జాతీయ జాంబోరీ జూలై 26 నుంచి ఆగస్టు 4 వరకు మా రాష్ట్రంలోనే, ఫోర్ట్ ఏ.పీ. హిల్ అనే సైనిక స్థావరంలో జరిగింది. 1981 నుంచి 2010 వరకు జాతీయ జాంబోరీలకు అదే వేదిక. 2013 నుంచి వేదిక పొరుగున ఉన్న వెస్ట్ వర్జీనియా కొండల్లోకి మారింది. సైన్యం శిక్షణ కోసం వాడుకొనే ఆ అడవుల్లో, గడ్డి మైదానాల్లో 40 వేలకు పైగా జనం పది రోజులు గుడారాల్లో గడిపారు. ఒక ఊరంతటి జనాభా అడవి మధ్యలో హఠాత్తుగా వెలసి, పది రోజుల్లో మాయమైపోయినట్లన్నమాట.

వెళ్లే ముందు దళ నాయకులు తల్లిదండ్రులకు ఒక సూచనల పత్రం ఇచ్చారు. ఎండదెబ్బ గురించి, త్రాగునీటి గురించి వ్రాసిన తరువాత, 'టిక్' అనే పురుగుల గురించి ఒక పేజీ నిండా ఉంది. అది చదివి మొదట నాకు నవ్వు వచ్చింది. పల్నాడులోని మా ఇంట్లో అబ్బాకు నాలుగు గేదెలుండేవి. వాటి చెవుల్లో, పొదుగు ప్రక్కన, తోక మొదట్లో గోమార్లు పట్టి నెత్తురు త్రాగి సెనగగింజల్లా ఉబ్బేవి. కొన్ని ప్రాంతాల్లో వాటినే పిడుదులంటారు. అమ్మీ వాటిని చేత్తో పీకి కిరసనాయిలు పోసిన డబ్బాలో వేసేది. ఒకసారి మా తమ్ముడి తొడకు ఒక పిడుదు పట్టుకుంటే మా దాదీ వెలుగుతున్న అగరువత్తి దానికి తగిలించి ఊడగొట్టింది. వాడు కాసేపు ఏడ్చి ఊరుకున్నాడు. పిడుదు అంటే నాకు తెలిసినది అంతే. అది గేదెల కష్టం. మనుషులకు దానివల్ల ప్రాణం మీదికి వస్తుందన్న ఊహ నాకు లేదు.

ఆ పత్రాన్ని చదివిన కొద్దీ నవ్వు మాయమైంది. మేమున్న ప్రాంతంలో మనుషులను కుట్టే పిడుదులు ముఖ్యంగా మూడు రకాలు. నల్లకాళ్ల పిడుదు లైమ్ అనే జబ్బును మోస్తుంది. కుక్క పిడుదు మచ్చల జ్వరాన్ని తెస్తుంది. మూడవది లోన్ స్టార్, అంటే ఒంటి చుక్క పిడుదు. ఆడ పిడుదు వీపు మీద ఒకే ఒక తెల్లని చుక్క ఉంటుంది కనుక దానికా పేరు. ఇది ఎర్లికియోసిస్ అనే జ్వరాన్ని వ్యాపింపజేస్తుంది. మిగిలినవి గడ్డిపరక చివర వ్రేలాడుతూ ఎవరైనా తగులుతారా అని ఎదురుచూస్తే, ఇది మనిషి ఊపిరిని, కదలికను పసిగట్టి తానే నడచి వస్తుంది. పెద్ద పిడుదులే కాదు, నువ్వుగింజంత కూడా లేని పిల్ల పిడుదులు సైతం కుడతాయి. కుట్టేటప్పుడు నొప్పి తెలియదు.

నాకు భయం వేసింది. ఆ భయాన్ని నేను దాచుకోలేదు. బట్టలకు మందు పిచికారీ చేస్తూ, సాక్సులు సర్దుతూ, "ఒక్క పురుగు కుట్టినా సరే, ఇదే నీకు చివరి శిబిరం" అని వాడితో పదిసార్లు అన్నాను. జాగ్రత్త చెబుతున్నానని అనుకున్నాను. ఆ మాట వాడి మనసులో ఎలా నాటుకుందో తరువాత తెలిసింది.

జూలై 30, శుక్రవారం సాయంత్రం వాడు ఫోను చేశాడు. "అమ్మీ, కంగారుపడొద్దు. ఫజ్ర్‌కు వుజూ చేస్తూ చెవులకు మసహ్ చేస్తుంటే బొటనవేలికి ఏదో గట్టిగా తగిలింది. చూస్తే పిడుదు. వైద్య శిబిరానికి వెళ్లాను. తీసేశారు" అన్నాడు.

వుజూలో చూపుడు వేలితో చెవి లోపల, బొటనవేలితో చెవి వెనుక తడమటం మనకు చిన్ననాటి నుంచీ అలవాటు. పిడుదులు దాగేందుకు ఎంచుకొనే చోట్లలో చెవి వెనుక భాగం ఒకటి. ఆ అలవాటే ఆ రోజు నా బిడ్డను కాపాడిందని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

వైద్య శిబిరంలో ట్వీజర్ అనే సన్నమొన శ్రావణంతో దాన్ని చర్మానికి ఆనుకొని పట్టుకొని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగారట. ఆ చోటును శుభ్రం చేసి, పిడుదును మూత ఉన్న చిన్న సీసాలో వేసి, తేదీ, శరీరంలో ఏ చోట పట్టుకుందో చీటీ మీద వ్రాసి అంటించారట. "అమ్మీ, దాన్ని ప్రయోగశాలకు పంపుతారట. అందులో జబ్బు ఉందో లేదో చూసి చెబుతారట" అని వాడు ఉత్సాహంగా చెప్పాడు.

అమెరికా సైన్యానికి మేరీలాండ్‌లోని ఆబర్డీన్‌లో ప్రజారోగ్య కేంద్రం ఒకటుంది. సైనికుల ఒంటి మీద నుంచి తీసిన పిడుదులను పరీక్షించే కార్యక్రమం దాని ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి నడుస్తోంది. పిడుదు ఏ జాతిదో గుర్తిస్తారు. ఎంత నెత్తురు త్రాగిందో చూస్తారు. తరువాత దాన్ని నలిపి, అందులో జబ్బు క్రిముల జన్యుపదార్థం ఉందేమో పీసీఆర్ పద్ధతిలో వెదుకుతారు. ఆ పీసీఆర్ మాట కరోనా కాలంలో మనందరికీ పరిచయమైనదే. అడవిలో వేలాది మంది గుమిగూడే చోట్ల ఇటువంటి పరీక్షకు ఎంత విలువ ఉందో తరువాత గ్రహించాను. కానీ ఆ రోజు నాకు కనిపించింది ఒక్కటే. నా బిడ్డ భవిష్యత్తు అంతా ఆ చిన్న సీసాలో ఉంది.

ఆ తరువాత ఎనిమిది రోజులు ప్రతి నమాజులోనూ ఆ నివేదిక కోసమే దుఆ చేశాను. వాడు ఆగస్టు 4న ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే తల, మెడ, చెవులు వెదికాను. మిగిలిన ఒళ్లు చూపించమని అడగటానికి నాకే మొహమాటం వేసింది. వాడు ఎదిగిన పిల్లవాడు. మా వారు ఉద్యోగం పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నారు. "స్నానం చేసేటప్పుడు నువ్వే చూసుకో" అన్నాను. "చూసుకున్నానమ్మీ" అన్నాడు. ఆ జవాబు అంత త్వరగా ఎందుకు వచ్చిందో నేను ఆలోచించలేదు.

ఆగస్టు 7న దళ నాయకులు కబురు చెప్పి, కాగితం పంపించారు. అది ఒంటి చుక్క పిడుదే. అందులో ఏ జబ్బు క్రిమీ కనిపించలేదు. రెండు రకాతుల షుక్రానా నమాజు చేసుకున్నాను. సేమ్యా వండాను. గుంటూరుకు ఫోను చేసి అమ్మీకి చెప్పాను. ఆ రోజుతో పిడుదుల పేజీ మూసివేశాను.

ఆగస్టు 11న రమజాను మొదలైంది. ఆ నెలలో మా ప్రాంతంలో ఉపవాసం దాదాపు 15 గంటలు. రెండవ రోజు సాయంత్రానికి వాడు తలనొప్పి అన్నాడు. ఇఫ్తారులో ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్లు తీసుకొని పడుకున్నాడు. రాత్రి చలిగా ఉందని ఆగస్టు మాసంలో దుప్పటి అడిగాడు. ఎండలో బంతి ఆడి ఉంటాడు, నీరు చాలక ఒళ్లు వేడెక్కి ఉంటుంది అనుకున్నాను. సహరీకి లేచి పట్టుబట్టి ఉపవాసం ఉన్నాడు. నేను వారించలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి జ్వరం 103 డిగ్రీలు. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును గుర్తుచేసి ఉపవాసం విరమింపజేశాను. జ్వరం మాత్ర వేశాను. ఒళ్లంతా నొప్పులని మూలుగుతుంటే కాళ్లు పట్టాను. పిడుదు సంగతి నా మనసుకు రాకపోలేదు. వచ్చింది. వచ్చిన వెంటనే, "పరీక్షలో ఏమీ లేదన్నారుగా" అని నేనే దాన్ని బయటికి పంపేశాను.

శనివారం ఉదయం డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లాను. ఇటీవల అడవుల్లో, గడ్డిలో తిరిగాడా అని ఆమె మొదటి ప్రశ్న. నేను సంచిలోంచి ఆ కాగితం తీసి ముందు పెట్టాను. "పిడుదు కుట్టిన మాట నిజమే. కానీ దాన్ని పరీక్షించారు. ఏమీ లేదు" అన్నాను. ఆ స్వరంలో కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది.

ఆమె కాగితాన్ని చూసి మర్యాదగా ప్రక్కన పెట్టారు. "ఇది పిడుదు నివేదిక. నేను చూడవలసింది మీ అబ్బాయిని" అన్నారు. నన్ను కాసేపు బయట కూర్చోమని చెప్పి వాడిని పరీక్షించారు. మళ్లీ లోపలికి పిలిచేసరికి వాడు తల వంచుకొని ఉన్నాడు. నడుం పట్టీ దిగువన, తొంటి ఎముక ప్రక్కన, మానుతున్న చిన్న ఎర్రని మచ్చ ఉంది.

"మంగళవారం గుడారాలు విప్పుతున్నప్పుడు ఇంకొకటి కనిపించిందమ్మీ. గోటితో గిల్లి పారేశాను. వైద్య శిబిరానికి వెళ్తే నీకు ఫోను చేస్తారేమోనని వెళ్లలేదు. నీకు తెలిస్తే ఇంకెప్పుడూ పంపవు కదా" అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. సీసాలోకి వెళ్లిన పిడుదు గురించి ఎనిమిది రోజులు దుఆ చేశాను. సీసాలోకి వెళ్లని పిడుదు గురించి వాడు నాతో చెప్పలేకపోయాడు. చెప్పకుండా చేసింది నా నోటి మాటే.

డాక్టరుగారు రక్తం తీయించారు. తెల్ల రక్తకణాలు తగ్గి ఉన్నాయి. ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి. కాలేయపు ఎంజైములు పెరిగి ఉన్నాయి. ఈ మూడూ కలిసి కనిపిస్తే, పిడుదు కుట్టిన చరిత్ర ఉంటే, ఎర్లికియోసిస్‌ను అనుమానించాలని ఆమె వివరించారు. పిడుదు కుట్టిన వారం నుంచి రెండు వారాల్లో ఈ జ్వరం బయటపడుతుంది. క్రిమిని నిర్ధారించే పరీక్ష ఫలితం రావటానికి రోజులు పడుతుందనీ, ఆ ఫలితం కోసం ఎదురుచూడకూడదనీ చెప్పి అప్పటికప్పుడే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఇది చవకైన, పాత మందు. సకాలంలో ఇస్తే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. సోమవారం ఉదయానికి వాడికి చెమటలు పట్టి జ్వరం తగ్గింది. పప్పన్నం అడిగి తిన్నాడు. అల్‌హమ్దులిల్లాహ్. కొన్ని రోజుల తరువాత వచ్చిన రక్తపరీక్ష ఫలితం డాక్టరుగారి అనుమానాన్ని ఖాయం చేసింది.

కోలుకున్న తరువాత నేను ఆమెను అడిగాను. "మరి ఆ పరీక్ష ఎందుకమ్మా? అది అబద్ధమా?"

అబద్ధం కాదు. అది చెప్పగలిగినది చెప్పింది. నేను అడిగిన ప్రశ్న వేరు. ఆమె ఓపికగా చెప్పిన మాటలు నా భాషలో ఇవి. పరీక్షించిన పిడుదులో క్రిమి ఉందని తేలినా, అది మనిషిలోకి ప్రవేశించిందని అర్థం కాదు. లైమ్ క్రిమి వంటివి మనిషిలోకి చేరాలంటే పిడుదు సాధారణంగా 24 గంటలకు పైగా పట్టుకొని ఉండాలి. ముందే తీసేస్తే ప్రమాదం చాలా తక్కువ. పిడుదులో క్రిమి లేదని తేలినా, మనిషి క్షేమమని అర్థం కాదు. కనబడిన ఒక్క పిడుదు వెనుక కనబడనివి ఉండవచ్చు. పైగా ఫలితం వచ్చేలోపే జ్వరం రావచ్చు. అందుకే మనిషికి వైద్యం చేయాలా వద్దా అన్నది పిడుదు నివేదికను బట్టి నిర్ణయించవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కూడా చెబుతోంది.

మరి ఆ సీసాలన్నీ వృథాయేనా? కాదు. వేల మంది పిల్లల ఒంటి మీద నుంచి తీసిన పిడుదులను ఒక్కచోట చేర్చి చూస్తే, ఏ మైదానంలో ఏ రకం ఎక్కువ, ఏ నెలలో ఏ క్రిమి తిరుగుతోంది, చుట్టుప్రక్కల డాక్టర్లు ఏ జ్వరం కోసం కనిపెట్టుకొని ఉండాలి అన్నది తెలుస్తుంది. శిబిరం నిర్వాహకులు ఎక్కడ గడ్డి కోయించాలో, ఏ దారి మూయించాలో తెలుసుకుంటారు. అసలు ఈ ఎర్లికియోసిస్ మనుషులకు వస్తుందని అమెరికాలో గుర్తించినదే 1986లో. 1991లో ఆర్కన్సా రాష్ట్రంలోని ఫోర్ట్ చాఫీ అనే సైనిక స్థావరంలో జబ్బుపడిన ఒక సైనికుడి రక్తం నుంచి ఆ క్రిమిని వేరుచేయగలిగారు. అందుకే దానికి ఎర్లికియా చాఫీన్సిస్ అన్న పేరు పెట్టారు. సైనికులైనా, స్కౌట్లైనా, అడవిలో గుంపుగా నివసించే వారి నుంచి నేర్చుకున్న పాఠాలే ఈనాడు మా డాక్టరుగారికి ఆ క్షణంలో మందు వ్రాసే ధైర్యాన్నిచ్చాయి. మా వాడి సీసా వాడికి పనికిరాలేదు. ఇంకొకరి బిడ్డకు పనికివచ్చి ఉంటుంది.

ఫత్వాగా కాదు, కేవలం ఒక పోలికగా చెబుతాను. సమాజంలో కొందరు నెరవేరిస్తే అందరి తరఫునా తీరే విధి ఫర్జె కిఫాయా. ఎవరికి వారు తప్పక చేసుకోవలసినది ఫర్జె ఐన్. పిడుదులను పరీక్షించటం మొదటి దాని వంటిది. నిపుణులు కొందరు చేస్తే అందరికీ మేలు. తన ఒళ్లు తాను వెదుక్కోవటం, జ్వరం వస్తే నోరు విప్పటం రెండవ దాని వంటివి. వాటిని ఏ ప్రయోగశాలా మన బదులు చేయదు. నేను ఆ రెండింటినీ ఒకటిగా భ్రమపడ్డాను.

ఆ రోజుల్లోనే పాలీ మర్రే అనే గృహిణి గురించి తెలుసుకున్నాను. ఆమెది కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరు. ఆమె ఇంట్లో అందరికీ ఏళ్ల తరబడి కీళ్ల వాపులు, దద్దుర్లు, జ్వరాలు. డాక్టర్లు ఆమె మాటను అంతగా పట్టించుకోలేదు. ఆమె మాత్రం ఎవరికి ఏ రోజు ఏ బాధ కలిగిందో వ్రాసిపెట్టుకుంటూ వచ్చింది. 1975లో ఆమె, ఆ ప్రాంతానికే చెందిన మరొక తల్లి ఆరోగ్యశాఖకు ఫోను చేసి, తమ ఊళ్లో ఇంతమంది పిల్లలకు కీళ్లవాతం రావటం సహజం కాదని పట్టుబట్టారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఆలెన్ స్టీర్ అనే యువ వైద్యుడు వచ్చి ఆమె వ్రాతలు చదివాడు. ఆ ఊరి పేరు మీదనే జబ్బుకు లైమ్ అని పేరు వచ్చింది. విలీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల పొట్టలో ఆ క్రిమిని కనిపెట్టేసరికి 1981 వచ్చింది. అంటే ప్రయోగశాల కంటే ఆరేళ్ల ముందే ఒక తల్లి నోటు పుస్తకం నిజాన్ని పట్టుకుంది. ఆమె దగ్గర నివేదిక లేదు. ఉన్నదల్లా తన పిల్లలు చెప్పిన ప్రతి మాటనూ నమ్మి విన్న చెవులు. నాకు అంతకు మించిన పాఠం అక్కరలేకపోయింది.

చెల్లెలికి నేను చెప్పినవి ఇవి. పిల్లవాడికి పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకొనే అలవాటు ఉండాలి. లేత రంగు బట్టలైతే పురుగు కనబడుతుంది. సాయంత్రం గుడారానికి చేరగానే స్నానం. స్నానంలో చెవుల వెనుక, జుట్టు కుదుళ్లు, చంకలు, బొడ్డు, నడుం పట్టీ చోటు, గజ్జలు, మోకాళ్ల వెనుక మడతలు చేత్తో తడిమి చూసుకోవాలి. సిగ్గు ఈమానులో భాగమే. అయితే ఆ సిగ్గు ఆరోగ్యానికి అడ్డం రాకుండా, ఇంటికి వచ్చాక కొడుకు విషయం తండ్రి, కూతురి విషయం తల్లి చూసుకుంటే సరిపోతుంది. తండ్రి ఊళ్లో లేకపోతే మేనమామ ఉన్నాడు, పెద్దన్న ఉన్నాడు. నేను ఆ రోజు ఎవరినీ అడగలేదు.

పిడుదు పట్టుకొని ఉంటే నిప్పు అంటించవద్దు, నూనె పూయవద్దు, కిరసనాయిలు పోయవద్దు. మా దాదీ ఎంత ప్రేమతో చేసినా ఆ అగరువత్తి వైద్యం తప్పే. బాధపెడితే అది లోపలిదంతా గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. శ్రావణంతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి. సబ్బుతో కడగాలి. తేదీ వ్రాసి పెట్టుకోవాలి. ఆ తరువాత నెల రోజుల్లో జ్వరం, తలనొప్పి, దద్దుర్లు వస్తే డాక్టరుకు మొట్టమొదట ఆ తేదీ చెప్పాలి.

మన దగ్గర లైమ్ భయం లేదు కదా అని చెల్లెలు అంది. నిజమే. కానీ మనకు స్క్రబ్ టైఫస్ ఉంది. అది పిడుదు వల్ల కాదు, పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లల వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టు కాల్చినట్లు నల్లని పెచ్చు కట్టవచ్చు. అదీ బట్టల మాటున, మడతల్లో దాగి ఉంటుంది. జ్వరం ఏమిటో తెలియక రోజులు గడుస్తాయి. దానికి కూడా అదే చవకైన డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. పొరుగున కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా అడవుల్లో 1957లో కోతులు చచ్చిపడుతుండగా బయటపడిన క్యాసనూరు అడవి జ్వరం మాత్రం పిడుదుల వల్ల వచ్చేదే. ఊరు ఏదైనా, పురుగు ఏదైనా, ఇంట్లో పాటించవలసిన పద్ధతి ఒక్కటే. ఒళ్లు చూసుకోవాలి, తేదీ గుర్తుంచుకోవాలి, దాచకుండా చెప్పాలి.

చివరగా చెల్లెలికి ఇంకొక మాట చెప్పాను. "వాడిని పంపేటప్పుడు నేను అన్నట్లు మాత్రం అనవద్దు. ఏది కుట్టినా, ఏది కనిపించినా నాతో చెప్పు, కోప్పడను, మళ్లీ పంపుతాను అని వాడి చేతిలో చెయ్యి వేసి చెప్పు. ఇచ్చిన మాట నిలబెట్టుకో."

ఆమె అలాగే చెప్పిందట. శిబిరం నుంచి మూడవ రోజు రాత్రి వాడు ఫోను చేసి, "అమ్మీ, కాలి మీద ఏదో కుట్టింది, సార్‌కు చూపించాను, చీమ అన్నారు" అన్నాడట. చీమ కుట్టిన సంగతి కూడా చెప్పాడని చెల్లెలు నవ్వుతూ చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

మా పెద్దవాడు ఇప్పుడు ఉద్యోగస్తుడు. మస్జిదు పిల్లలను ఏటా వేసవిలో శిబిరానికి తీసుకువెళ్తుంటాడు. బయలుదేరే ముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి పిడుదుల గురించి తానే చెబుతాడు. ఆ సమావేశానికి ఒకసారి నేనూ వెళ్లాను. శ్రావణం ఎలా పట్టుకోవాలో చూపించిన తరువాత వాడు తల్లుల వైపు తిరిగి, "దయచేసి పిల్లలను భయపెట్టి పంపకండి. భయపడినవాడు దాస్తాడు" అన్నాడు. అంటూ నా వైపు చూడలేదు. చూడనందుకు వాడికి మనసులోనే దుఆ ఇచ్చాను.